తమ్ముడు ఎగ్గొట్టని పన్ను

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్ల తరబడి ఒక మనిషి పరువు నా గుండెల మీద బండలా ఉంది. ఆ పరువు నాది కాదు. తీసింది మాత్రం నేనే.

నేను నర్సును. చాలాకాలం మస్కట్‌లో పనిచేశాను. ఆ సంపాదనతో రేపల్లెలో చిన్న మేడ కట్టించి, కింది భాగం ఒకతనికి రక్తపరీక్షల ల్యాబు పెట్టుకోవడానికి అద్దెకిచ్చాను. మాది లూథరన్ క్రైస్తవ సంఘం, అతనిదీ అదే. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. పేరు చెప్పను, తమ్ముడనే అంటాను. అలా అనే అర్హత నాకింకా ఉందా? లేదు. అయినా వేరే మాట నోటికి రావడం లేదు.

విదేశంలో ఉండేవాళ్లకు ఇక్కడ అద్దె వస్తుంటే, అద్దెకున్నవాడే అందులో పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, మిగిలింది మనకివ్వాలి. తెనాలిలో మా ఆడిటరు ఇదంతా విడమరిచి చెప్పాడు. "అద్దెకున్నాయనకు చెప్పండమ్మా, లేకపోతే ఆయన మెడకు చుట్టుకుంటుందండి" అని కూడా హెచ్చరించాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

తమ్ముడికి చెప్పలేదు. పరాయి దేశంలో పండగా పబ్బం లేకుండా చాకిరీ చేసి కట్టుకున్న మేడ, దాని మీద మొదటి ముద్ద నాకు కాకుండా ఇంకెవరికో పోవడమేమిటని కడుపు మండింది. ఎక్కువ పట్టుకున్నది తర్వాత తిరిగి తెచ్చుకోవచ్చని ఆడిటరు అన్నా, ఆ తిప్పలన్నీ ఎవరు పడతారనుకున్నాను. అప్పుడది దొంగతనంలా అనిపించలేదు. ఇప్పుడు మాత్రం దానికి వేరే పేరు పెట్టలేను.

ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు అతనే అడిగాడు.

"అక్కా, నువ్వుండేది అక్కడ గదా. అద్దెలో పన్ను పట్టుకుని నేనే కట్టాలంటున్నారు, నిజమేనా?"

"ఎవరయ్యా నీకు చెప్పింది? నా సభ్యత్వం ఇక్కడ లేదా? నెలనెలా నా కానుక మన గుడికి రావట్లేదా? ఊరు దాటినంత మాత్రాన పరాయిదాన్నైపోయానా?"

"అయ్యో, అట్టా కాదక్కా…"

"ఆడిటర్ని అడిగాలే. అక్కర్లేదన్నాడు."

అతను సిగ్గుపడ్డాడు. మా సంఘంలో మనిషి ఏ దేశంలో ఉన్నా పేరు ఇక్కడే ఉంటుంది. కానుక పంపితే ఆ పేరు ఆదివారం అందరి ముందూ చదువుతారు. గుడిలో ఉన్న మనిషి ఊళ్లో ఉన్నట్టే. అతనికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ ఉన్నావనేదే చట్టం చూస్తుంది గాని, ఏ గుడిలో నీ పేరు చదువుతారని చూడదు.

కొన్నేళ్లకు అతనికి నోటీసు వచ్చింది. పట్టుకోవలసిన పన్ను ఎందుకు పట్టుకోలేదని అడిగారు. అన్నాళ్లదీ, దానిపై వడ్డీ సహా అతని నెత్తిన పడింది. పెద్ద మిషను అమ్మేశాడు, ల్యాబు మూతపడింది. నా వైపు లెక్కలు ఆడిటరు గుట్టుగా సర్దేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. తమ్ముడు సంఘానికి కోశాధికారి. అక్క అద్దెలో పన్ను పట్టుకుని, కట్టకుండా తినేశాడట అని ఊళ్లో పుకారు లేచింది. నిప్పులేనిదే పొగ రాదన్నారు. గుడి డబ్బు అతని చేతిలో ఉండకూడదని ఆ బాధ్యత తీసేశారు. అతను నా అద్దెలో ఒక్క రూపాయి పట్టుకోలేదు, అంతా నాకే ఇచ్చాడు. ఈ ఒక్క ముక్క నేను చెబితే చాలు. కానీ చెబితే, పట్టుకోవద్దన్నది ఎవరనే ప్రశ్న వస్తుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ ఏడు కోత పండగకు వచ్చాను. అందరూ తెచ్చిన కూరగాయలూ కోళ్లూ గుడి ఆవరణలో వేలం వేస్తున్నారు. ఎప్పుడూ ఆ వేలంపాట నడిపించే తమ్ముడు, ఈసారి తను తెచ్చిన గుమ్మడికాయ ఇచ్చి వెనక నిలబడ్డాడు. "దీనికి పన్ను కట్టావా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందనా, నవ్వు నిజంగానే వచ్చిందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలడం లేదు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర నన్ను ఆపాడు.

"నా మూలాన నీ పేరు కూడా నలుగురి నోళ్లలో పడిందక్కా. నీకేం తెలుసు, ఆ ఆడిటరు చెప్పిందే నువ్వూ నమ్మావు. నేనే ఇంకెవర్నైనా అడగాల్సింది. మనసులో పెట్టుకోమాక."

అప్పుడైనా నోరు తెరవచ్చు. చుట్టూ ఎవరూ లేరు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పోనీలే తమ్ముడూ, నేనేం అనుకోలేదు" అన్నాను. భుజం కూడా తట్టాను.

అంటే, అతన్ని నేను క్షమించాను.

ఇప్పుడతను బాపట్లలో ఎవరి ల్యాబులోనో జీతానికి చేస్తున్నాడు. నేను ఉద్యోగం మానేసి తెనాలిలో ఉంటున్నాను. మధ్యలో ఉన్నది గట్టిగా ఒక పూట ప్రయాణం, అదీ చేయలేకపోయాను. రేపు చేస్తానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో చూశారుగా. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు. ఇన్నేళ్లలో ఒక్క వాక్యం మాత్రం ఎన్నడూ పైకి అనలేదు. ఇప్పుడు రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. పన్ను పట్టుకోవద్దని అతనికి చెప్పింది నేనే.