మా తమ్ముడి చేతి నునుపు

మా తమ్ముడు పోయాడు. మొన్నటికి పదహారు రోజులు. పొద్దున పంజాగుట్టలో కొట్టు షట్టరు ఎత్తుతూ అక్కడే కూలబడ్డాడట. పక్క కొట్టువాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బేగంపేటలో మా ఆఫీసు నుంచి నేను వెళ్లేసరికే అయిపోయింది. గుండె అన్నారు. నలభై ఏడేళ్లు వాడికి. నాకంటే పదేళ్లు చిన్న.

ఏడవడం అయింది. దేవుణ్ణి అడగవలసినవీ అడిగాను. ఇక వాడేం చేసేవాడో నలుగురికీ చెప్పడం మిగిలింది. కర్మ రోజుల్లో వచ్చినవాళ్లలో సగంమంది, ఏవో రిపేర్లు చేసుకునేవాడు కదండీ అన్నారు. నిజమే. పగలు కొట్టులో కూర్చుని ఆంప్లిఫయర్లు, మైకులు బాగుచేసేవాడు. సాయంత్రాలు, ఆదివారాలు మాత్రం అమీర్‌పేటలో మా ఇంట్లో గిటారు పెడళ్లు చేసేవాడు. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా అది. గిటారు వాయించేవాళ్లు కాలి దగ్గర పెట్టుకుని, దాని మీది మీట తొక్కితే గిటారు గొంతు మారిపోతుంది. లోపలి తీగల పని నాకు తెలియదు. పై పని తెలుసు. అది నా పూజగదిలోనే జరిగేది.

డబ్బా పైన ఒక బొమ్మ అంటించి, దాని మీద ఎపాక్సీ రెజిన్ పోసేవాడు. రెండు సీసాల్లో వస్తుంది. బంగారం తూచే చిన్న కాటా మీద రెండూ తూచి, బుడగ లేవకుండా పుల్లతో మెల్లగా కలిపేవాడు. పోస్తే పల్చటి తేనెలా పరుచుకుని, గట్టిపడ్డాక గాజు అయిపోతుంది. కానీ ఒకటిన్నర రోజు దాని మీద దుమ్ము పడకూడదు. అమీర్‌పేటలో దుమ్ము పడని చోటు ఎక్కడుంది? మా ఇంట్లో ఫ్యాను లేని గది, తలుపులు మూసే గది పూజగది ఒక్కటే. అడగడానికి వాడికి నెల పట్టింది. స్నానం చేసి వస్తే సరే అన్నాను.

వాడు నేను చెప్పినదానికంటే ఎక్కువే పాటించాడు. చొక్కా నూలుపోగులు రాలతాయని చొక్కా విప్పేసేవాడు. తడిగుడ్డతో గది తుడిచి, తుడిచిన తడి ఆరకముందే పోసేవాడు. ఆ అవతారంలో చూసి ఎదురింటావిడ, మీ తమ్ముడు మంత్రాలు ఎప్పుడు నేర్చాడండీ అని అడిగింది. పొయ్యడం అయ్యాక పైన ప్లాస్టిక్ టబ్బు బోర్లించి, ఒక దండం పెట్టి వచ్చేవాడు. దేవుడికి పెట్టేవాడో, టబ్బుకు పెట్టేవాడో నేను అడగలేదు.

పాలిషు మటుకు వాడి సొంత విద్య కాదు. పంజాగుట్ట సందులో కార్లకు రంగులు వేసే ఒక పెద్దాయన, భాయ్ అనేవాళ్లం, నేర్పించాడు. నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో మొదలుపెట్టి, రోజురోజుకీ సన్నరకం కాగితంలోకి దిగాలి. చివర పాత బనియన్ గుడ్డతో మెరుపు తెచ్చే తెల్ల మందు పెట్టి తిప్పాలి. రుద్దుడు కాదు, నిమురుడు, అనేవాడట భాయ్. ఆ మాట వాడు రోజూ అనేవాడు. నేను కూర మూకుడు తోముతున్నా నా వెనక నిలబడి అనేవాడు.

ఒకసారి విసుక్కున్నాను. కాలికింద పెట్టి తొక్కే డబ్బాకి ఇంత నునుపెందుకురా అని. "వాకిట్లో ముగ్గూ తొక్కేదేగా అక్కా. నువ్వేమన్నా వంకరగా వేస్తున్నావా?" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే వాడెలాంటివాడో తెలియదు.

కొన్నేళ్ల కిందట, యూసుఫ్‌గూడలో గది అద్దెకు తీసుకుని ఉండే ఒకాయన వచ్చాడు. ముప్పై దాటినవాడు, పెళ్లిళ్లలో గిటారు వాయిస్తాడు. వాళ్లమ్మ పోయి ఏడాదైంది. ఆవిడ ఉత్తరాలు రాసే మనిషి కాదు, అంతా ఫోన్లలోనే. ఆవిడ చేతిరాత ఆయన దగ్గర ఒక్కటే మిగిలింది, పచ్చడి సీసా మీద అంటించి పంపిన చీటీ. "ఉసిరి. ముందు ఇది తిను." అంతే. దాన్ని పెడల్ మీద పెట్టి రెజిన్ పొయ్యమన్నాడు. ఊరికే పోస్తే కాగితం రెజిన్ తాగేసి రాత మసకబారుతుంది. అందుకని మా తమ్ముడు ముందు చీటీకి రెండు వైపులా తెల్ల జిగురు రెండేసి సార్లు పూసి ఆరబెట్టి, ఆ తర్వాతే పోశాడు.

మర్నాడు ఆయుధపూజ. వాడు కొట్టులో పూజకు వెళ్లాడు. ఇంట్లో వాడి సామానంతా నేను పీట మీద పెట్టాను. డ్రిల్లు, టంకం పెట్టేది, కాటా, ఆఖరికి గరుకు కాగితాలు కూడా. అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టాను. ఇన్నిటికి పెట్టి, చేసిన వస్తువుకు పెట్టకపోతే ఎలా అనిపించింది. టబ్బు ఎత్తాను. గాజులా మెరుస్తోంది. ఆరిందనుకున్నాను. ఉంగరపు వేలితో బొట్టు పెట్టాను. వేలు అంటుకుంది. కంగారులో కొంగుతో తుడిచాను. ఎరుపు ఇంకా లోపలికి పోయి, సరిగ్గా ఆ అక్షరాల మీదికి పాకింది.

సాయంత్రం వాడు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే చెప్పేశాను. వెళ్లి టబ్బు ఎత్తి చూసి, వెనక్కొచ్చి, "వేలు సబ్బుతో కడుక్కున్నావా? అది చర్మానికి మంచిది కాదు," అన్నాడు. వెంటనే ఆయనకు ఫోన్ చేశాడు. పని మా ఇంట్లో పాడైంది, వచ్చి చూసుకోండి అని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు.

ఆయన వచ్చాక నేనే చెప్పాను, బొట్టు నేను పెట్టానని. ఆయన డబ్బా మీదికి వంగి చూశాడు. "మా అమ్మ సుత గిట్లనే. సైకిల్‌కు బొట్టు పెట్టందే బయటికి పోనీయకపోతుండె," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, అక్షరాలు పోకుండ తీయరాదా అన్నా, అని అడిగాడు. మా తమ్ముడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అక్షరాల మీద గోరు మందం రెజిన్ ఉంది. ఎరుపు ఎంత లోతు దిగిందో రుద్దితే గాని తెలియదు. అక్షరాల దాకా దిగితే, దాన్ని తీస్తే అవీ పోతాయి. ఉన్నదున్నట్టు వదిలెయ్యమన్నా వదిలేస్తానన్నాడు. ఆయన, నీ చెయ్యి మీద వదిలిన అన్నా, అని వెళ్లిపోయాడు.

వారం రోజులు గట్టిపడనిచ్చి మొదలుపెట్టాడు. కిటికీ దగ్గర కూర్చుని, పదిసార్లు నిమరడం, తుడవడం, వెలుతురుకు వాల్చి చూడడం. నేను ఆ రోజులన్నీ ఒంటిపూట తిన్నాను. వాడికి చెప్పలేదు. చెబితే నవ్వేవాడు. ఎరుపు గులాబీ అయింది, గులాబీ మచ్చ అయింది, ఆ మచ్చ కూడా చిన్నదవుతూ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నానికి "ముందు" అనే మాట పక్కన ఆవగింజంత మిగిలింది. వాడు కాగితం కింద పెట్టేశాడు.

"ఇంకో నాలుగు చుట్లు తిప్పితే పోద్దిరా," అన్నాను.

"నా పేరుకు మంచిదే అక్కా. ఆమె అక్షరానికి మంచిది కాదు."

పూత అంతా గరుకై మసకగా ఉంది. దాని మీద మళ్లీ పొయ్యాలి. ఎక్కడ పెడతావురా ఇక అని అడిగాను. ఎక్కడేంటి, అక్కడే, అన్నాడు. స్నానానికి వెళ్లాడు.

పది రోజులకు ఆయన వచ్చాడు. మా తమ్ముడు డబ్బా చేతికిచ్చి, ముందుగా ఆ ఎర్ర చుక్కే చూపించాడు. ఇది మాది, తీయలేక కాదు, అక్షరం పోతుందని ఆపాను, అన్నాడు. ఇచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, బడిలో చూచిరాత పుస్తకం చూపించిన పిల్లాడిలా. ఆయన బొటనవేలితో పూత మీద ఒక్కసారి నిమిరాడు. "ముందు ఇది తిను" అని పైకి చదివాడు.

మా తమ్ముడిలాంటి పనివాడు ఇంకొకడున్నాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం వాడికి అక్కనైనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇవాళా అదే పెట్టుకుంటున్నాను.

ఆయన సంచి తెచ్చుకున్నాడు గాని డబ్బా అందులో వెయ్యలేదు. వాడూ నేనూ బాల్కనీలోంచి చూశాం. కోచింగ్ సెంటర్లు వదిలిన వేళ, మెట్రో మెట్ల దాకా మనిషికి మనిషి తగులుతున్న జనం. ఆ జనంలో ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, నిండుగా నీళ్లున్న గిన్నె మోస్తున్నట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తున్నాడు. ఎదురొచ్చేవాళ్లు ఏమిటో తెలియకుండానే పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు.