ఆయాసానికి మొదటి బహుమతి

కొండాపూర్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో యాదమ్మ తొమ్మిదేళ్లుగా నేల తుడుస్తోంది. చదువు లేదు గానీ, ఊపిరి సంగతి ఆమెకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలీదు. భర్త ఐలయ్య రాళ్ల క్రషర్‌లో పనిచేసి, రొమ్ము నిండా దుమ్ము నింపుకుని, ఆరేళ్లు ఆయాసపడి పోయాడు. ఆ ఆరేళ్లూ పక్కనే కూర్చుని చూసిన మనిషి ఆమె.

ఆ నెల ఆఫీసువాళ్లు ఆరోగ్య పోటీ పెట్టి, అందరి చేతులకూ వాచీలు కట్టారు. గుండె ఎంత జోరుగా కొట్టుకుంటే అన్ని పాయింట్లు. వారం తిరక్కుండానే మేనేజర్ చలపతిరావు, కుర్చీలోంచి కదలకుండా, అందరికంటే పైకి వచ్చేశాడు. జనం ఎగబడి ఆయనతో ఫోటోలు దిగారు. హెచ్ఆర్ సంయుక్త వచ్చి రహస్యమేమిటని అడిగింది.

"నేను... ఏమీ... చెయ్యలేదండీ."

ఎంత వినయమో అని అందరూ చప్పట్లు కొట్టారు.

యాదమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆయనకు మాటమాటకీ ఊపిరి తెగుతోంది. భుజాలు ఎగసిపడుతున్నాయి, మెడగుంట లోపలికి పోతోంది, పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి ముప్పై నాలుగు ఊపిర్లు! ఇరవై దాటితే పిలవమని ఐలయ్యను చూసిన నర్సు చెప్పేది.

"సారూ, జల్ది దవాఖానకు నడువుండ్రి. పానం మీదికొస్తది."

"నాలుగింటికి... బహుమతి... యాదమ్మా. నే వెళ్తే... సురేంద్ర... దాటేస్తాడు."

ప్రాణం గొంతులో ఉన్న మనిషికి పక్క టీము సురేంద్ర బెంగ! యాదమ్మ ఆయన వాచీ ఊడబీకి తన చేతికి కట్టుకుంది.

"మీ నంబరు నేను కాపాడ్త. మూడు ఫ్లోర్లు ఉరికురికి తుడుస్త. మీరైతే లెవ్వుండ్రి."

ఆ హామీకి ఆయన లేచాడు. సంయుక్త కారులో తీసుకెళ్లింది. న్యుమోనియా అనీ, ఇంకో పూట ఆగితే దక్కేవాడు కాదనీ డాక్టరు అన్నాడని కబురు వచ్చాక, యాదమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, మాటిచ్చినట్టే మూడు అంతస్తులూ తుడిచింది.

సంయుక్త తిరిగొచ్చేసరికి వాచీ మోగుతోంది. యాదమ్మ ఎంత ఉరికినా ఆమె గుండె చలపతిరావు జబ్బు గుండె జోరును అందుకోలేదు; సురేంద్ర మొదటి స్థానంలో ఉన్నాడు.

"ఏమంటదమ్మా గిది?" యాదమ్మ చెయ్యి చాపి చూపించింది.

"ఈరోజు మీరు బద్ధకంగా ఉన్నారు, లేచి కాస్త కదలండి, అంటోంది."

చెమటతో తడిసిన చీర చూసుకుని యాదమ్మ పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"సారు సస్తుంటె శెభాష్ అన్నది గిదే గదమ్మా?"