కాంపౌండరు కలిపిన మందు

బస్సులో దారికడ్డంగా కాలు చాపుకునేవాళ్లను ఇప్పుడు ఏమీ అనను. డెబ్బైల్లో, కాలేజీ రోజుల్లో, అనేవాణ్ణి. ఉయ్యూరు నుంచి బెజవాడ వెళ్లే బస్సులో పక్కసీటు పెద్దాయన్నీ అన్నాను. ఆయన నవ్వారు గానీ కాలు మాత్రం మడవలేదు.

ఆ సాయంత్రం మా కాలేజీ కబడ్డీ ఫైనల్. నా మోకాలు గుమ్మడికాయతో పోటీ పడుతోంది. కుదురుగా కూర్చోలేక, మా ఊరి డాక్టరుగారి కాంపౌండరు నాకోసమే ఘాటుగా కలిపిచ్చిన పూతమందు మూడోసారి రాసుకున్నాను. బస్సంతా తుమ్మింది.

"కర్పూరం దండిగా వేయించావే బాబూ!" అన్నారాయన. "ఆటకి ముందు నాకూ ఇట్లాగే కలిపిచ్చేవాడు మా కాంపౌండరు."

"పనిచేసిందాండీ?"

"బ్రహ్మాండంగా! మోకాలిచిప్ప పగిలిన సంగతి కప్పు చేతికొచ్చిందాకా తెలీనే లేదు."