కుడి పక్క శబ్దం

మలికిపురం సెంటర్లో నా జిరాక్సు కొట్టుకి ఆనుకునే తాతాజీగారి షాపు ఉండేది. ఆయన టీవీ మెకానిక్. ఇరవై రెండో ఏట ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి, యాభై నాలుగు వచ్చినా అక్కడే ఉన్నారు. పల్చటి టీవీలు వచ్చాక బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడాయన ఒక పాత కంప్యూటరు తెచ్చుకుని, టీవీలో వచ్చే కార్యక్రమాలు అందులోకి రికార్డు చేసి పెన్‌డ్రైవులో పెట్టివ్వడం మొదలుపెట్టారు. లోకల్ కేబుల్ చానల్లో ఎవరింటి పెళ్లి వేసినా, ఏ బడి వార్షికోత్సవం వేసినా జనం ఈయన దగ్గరికే వచ్చేవారు.

ఆయన చెవి చాలా చురుకైంది. టీవీ మూత విప్పకుండానే ఆన్ చేసి, తల వంచి ఒక నిమిషం వినేవారు. "ట్రాన్స్‌ఫార్మరు కూస్తోందండి," అనేవారు. నాకేమీ వినబడేది కాదు. విప్పితే అదే అయ్యుండేది. ఆ విషయంలో ఆయనకి కాస్త గర్వం. పని దగ్గర ఇంకొకరిని అడగడం ఆయన ఎరగరు.

కిందటి ఫిబ్రవరిలో ఒక సోమవారం రూతు టీచరుగారు వచ్చారు. హైస్కూల్లో రిటైరైన ఆవిడ, వాళ్ల చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తారు. వాళ్లు క్రిస్మస్‌కి పాడిన కార్యక్రమాన్ని లోకల్ చానలు ఆదివారం మధ్యాహ్నాలు మళ్లీ మళ్లీ వేస్తోంది. తాతాజీగారు దాన్ని రికార్డు చేసి ఇచ్చారు.

"మగవాళ్ల గొంతులు లేవండి తాతాజీగారూ," అన్నారావిడ. "ఆడవాళ్లం పాడింది బాగానే వస్తోంది. వాళ్లది మటుకు నూతిలోంచి వచ్చినట్టుంది."

స్టేజి మీద ఆడవాళ్లు ఎడమ పక్క మైకు దగ్గర, మగవాళ్లు కుడి పక్క మైకు దగ్గర నిలబడ్డారట. అంటే కుడి పక్క శబ్దం మొత్తం రికార్డులోకి రాలేదన్నమాట.

"పాడినోళ్లలో ఫిలిప్, ఇంకో ఇద్దరు కువైట్ వెళ్లిపోయేరండి. మళ్లీ పాడిద్దామంటే మనుషుల్లేరు. చానలోళ్లు ఈ నెలాఖరుదాకా వేస్తారంట. ఈలోగా చూడండి."

"ఆయ్. నా పొరపాటేనండి, వినకుండా ఇచ్చేసేను," అన్నారు తాతాజీగారు. ఆ మాట అనడానికి ఆయనకి కష్టమైంది.

ఆ బుధవారం పొద్దున ఆయన షాపు తెరుస్తూ తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోవడం చూశాను. ఏమైందండీ అన్నాను.

"లేచిన కాణ్ణుంచీ కళ్లు తిరుగుతున్నాయండి. కుడిచెవి దిబ్బడేసింది. జలుబు కాబోలు."

"వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు వేసుకోండి, పోద్ది," అన్నాను. అన్నది నేనే.

మధ్యాహ్నానికి తిరుగుడు తగ్గింది. ఆయన రికార్డింగు పని పట్టుకున్నారు. సెట్‌టాప్ బాక్సు వెనక తెల్లది, ఎర్రది రెండు కన్నాలుంటాయి. తెల్లది ఎడమ శబ్దానికి, ఎర్రది కుడి శబ్దానికి. అక్కణ్ణుంచి వైరు కంప్యూటరుకి పోతుంది. ఎర్ర పిన్ను విప్పి చూస్తే లోపల తీగ ఊడిపోయి ఉంది. నాకు చూపించారు. టంకం వేసి, హెడ్‌ఫోను పెట్టుకుని, పాట వస్తున్న చానలేదో పెట్టి కాసేపు రికార్డు చేసి విన్నారు. మొహం చిట్లించారు. కుడి పక్క ఇంకా రావడం లేదు.

కొత్త వైరు తెచ్చారు. రాలేదు. హెడ్‌ఫోను మార్చారు. మా ఇంట్లో సెట్‌టాప్ బాక్సు కూడా పట్టుకెళ్లి చూశారు. ఆదివారం కార్యక్రమం రికార్డు చేశారు, అందులోనూ మగవాళ్ల గొంతులు ఆయనకి సరిగా వినబడలేదు. కంప్యూటరు తెర మీద శబ్దం కొలిచే రెండు పచ్చగీతలు మాత్రం సమానంగా ఊగుతున్నాయి.

"రెండూ కదులుతున్నాయి కదండీ?" అన్నాను.

"ఆయ్. లోపలికి వస్తోందండి. బయటికి వచ్చేటప్పుడే ఎక్కడో ఆగిపోతోంది. సౌండు కార్డు పోయుంటది."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. రాజోలు వెళ్లి సౌండు కార్డు తెచ్చి వేశారు. తర్వాత విండోస్ మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించారు. రోజులు గడుస్తున్నాయి. మధ్యలో చెవిలో నూనె పోసుకోవడం, దూది పెట్టుకోవడం నడుస్తోంది. ఆయన భార్య సత్యవేణిగారు క్యారేజీ తెచ్చి, కుడి పక్క నిలబడి పిలిస్తే పలికేవారు కాదు. "ఈ కంప్యూటరు ముందు కూర్చుంటే ఈయనకి లోకం పట్టదండి," అని ఆవిడ నాతో నవ్వుతూ అనేవారు. నేనూ నవ్వాను.

ఒకరోజు నన్ను అడిగారు, "మన సెంటర్లో కరెంటు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఏదో హోరు వస్తోందాండీ?" అని. నాకేమీ లేదన్నాను. ఆ హోరు బయటిది కాదని ఆయనకి అప్పుడే అనుమానం వచ్చిందో ఏమో. తర్వాత అడిగితే, "అనుకోటానికి మనసొప్పలేదండి," అన్నారు.

నెలాఖరు సోమవారం రూతు టీచరుగారు మళ్లీ వచ్చారు. అప్పటికి చెవి దిబ్బడేసి పంతొమ్మిది రోజులు.

"ఇంకా అవలేదండి. కుడి పక్క రావటం లేదు," అన్నారు తాతాజీగారు తల ఎత్తకుండా.

"ఏదీ, నన్నోసారి విననివ్వండి."

ఆయన అయిష్టంగానే హెడ్‌ఫోను తీసిచ్చారు. ఆవిడ పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని రెండు చరణాలు విన్నారు. మొహం విచ్చుకుంది.

"వస్తున్నాయి కదండీ. ఇటు మేము, అటు వాళ్లు. ఫిలిప్ గొంతు నిక్షేపంగా ఉంది. మీకిదేం అనుమానమండీ?"

తాతాజీగారు హెడ్‌ఫోను తీసుకుని పెట్టుకున్నారు. కదలకుండా విన్నారు. తర్వాత దాన్ని తీసి, తిప్పి, కుడిది ఎడమచెవికీ ఎడమది కుడిచెవికీ పెట్టుకున్నారు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. మగవాళ్ల గొంతులు వినబడ్డాయి కాబోలు, ఆయన చెయ్యి పైకి లేచింది. ఆడవాళ్ల గొంతులు లేవట. మళ్లీ తిప్పారు. మగవాళ్ల గొంతులు పోయాయట. అలా మూడుసార్లు చేశారు. నాలుగోసారి చెయ్యలేదు.

"టీచరుగారూ, మీది అయిపోయిందండి," అని పెన్‌డ్రైవులో వేసి ఇచ్చారు.

మర్నాడు నా బండి మీద ఆయన్ని అమలాపురం తీసుకెళ్లాను. చెవి డాక్టరు నడివయసు ఆవిడ. చెవిలోకి లైటు వేసి చూసి, "నూనె ఎవరు పోయమన్నారండి?" అన్నారు. తాతాజీగారు నా వైపు చూడలేదు. "మేమే పోసుకున్నామండి," అన్నారు. గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, కాగితం మీద రెండు గీతలు గీసి తెచ్చారు. ఎడమచెవి గీత పైన ఉంది. కుడిచెవి గీత కాగితం అడుక్కి పోయింది.

"ఇది దిబ్బడ కాదండి. లోపలి నరం ఉన్నట్టుండి దెబ్బతింది. ఎందుకొస్తుందో చాలామందిలో తెలీదు. మొదటి నాలుగైదు రోజుల్లో మందు పడితే కొంతమందికి తిరిగొస్తుంది."

"ఇప్పుడండీ?"

"ప్రయత్నం చేద్దాం. ఆశ పెట్టుకోమని మటుకు చెప్పలేను. మూడు వారాలు ఏం చేస్తున్నారండి?"

"కంప్యూటరు బాగుచేస్తున్నానండి," అన్నారాయన. ఆవిడకి అర్థం కాలేదు.

మాత్రలు మింగారు. కర్ణభేరిలోంచి సూది వేశారు, నాలుగుసార్లు. ప్రతిసారీ నేనే తీసుకెళ్లాను. కాగితం మీద గీత కదల్లేదు. ఆఖరిసారి వస్తూ దారిలో బండి ఆపి, ఆ నూనె మాట ఎత్తాను. నేను చెప్పకుండా ఉండాల్సింది అన్నాను.

"నూనె వల్ల పోలేదన్నారు కదండీ డాక్టరుగారు. జలుబని ముందన్నది నేను," అన్నారు. "అయితే ఆ వైరు ఆ వారంలోనే తెగాలాండీ? అది బాగుండి ఉంటే మొదటిరోజే తెలిసిపోయేది. తప్పు ఎదురుగా కనబడుతుంటే ఇంకోటి ఉందని ఎవడనుకుంటాడు," అన్నారు.

తర్వాత ఆయన రికార్డింగు మానేశారు. టీవీ రిపేరూ సాగలేదు. ఒక్క చెవితో సన్న కూత ఎటునుంచి వస్తోందో పట్టలేకపోయేవారు. చెవిలో హోరు ఆగేది కాదు. సెంటర్లో వెనకనుంచి హారన్ కొడితే, తప్పుకోవాల్సిన వైపు కాక బండి మీదికే వెళ్లారు ఒకసారి. ఆటో అతను తిట్టాడు. ఆయన పక్కకి వచ్చి నిలబడ్డారు. వేసవి దాటాక షాపు ఖాళీ చేసేశారు. అందులో ఇప్పుడు సెల్‌ఫోన్లకి అద్దాలు అతికిస్తున్నారు.

మొన్న శ్రావణంలో వాళ్లింటికి వెళ్లాను. తాతాజీగారు గోడవారగా, కుడి పక్క గోడకి వచ్చేలా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి సంతోషపడ్డారు. కొబ్బరి ధర గురించీ, మా అమ్మాయి చదువు గురించీ గట్టిగా అడగడం మొదలుపెట్టారు. అంత గట్టిగా మాట్లాడుతున్నట్టు ఆయనకి తెలీదు. సత్యవేణిగారు గుమ్మంలోంచి చేత్తో సైగ చేశారు, మెల్లగా అని. ఆయన మాట మధ్యలో ఆపేశారు. ఆ తర్వాత కాఫీ తాగి లేచేదాకా నేనే మాట్లాడాను. ఆయన "ఆయ్, ఆయ్" అంటూ తల ఊపారు.