పంపినవారి పేరు

పాంగ్ గిల్‌రే అక్క గురించి చెప్పాలంటే నాకు ముందుగా కోపం వస్తుంది. మిగతావన్నీ ఆ తర్వాతే. నలభై ఏళ్లుగా మావి పక్కపక్క కొట్లు. హేజిన్ రేవు బజారులో ఆవిడది పూలకొట్టు, మాది చేపవడల కొట్టు. నా పొయ్యి ఆవిరికి తన చామంతులు వాడిపోతున్నాయని ఆవిడ తిడుతుంది. ఆవిడ బకెట్ల నీళ్లు నా గుమ్మంలోకి వస్తున్నాయని నేను తిడతాను. అలా తిట్టుకుంటూనే ఇద్దరం ముసలివాళ్లం అయిపోయాం.

ఈ ఊళ్లో ఎవరు కొత్త కొట్టు తెరిచినా, ఎవరు పోయినా, పుష్పచక్రం వెళ్లాల్సింది ఆవిడ దగ్గరినుంచే. మనిషెత్తు చట్రానికి పూలు గుచ్చి, రెండు పక్కలా రెండు రిబ్బన్లు వేలాడదీస్తుంది. ఒకదాని మీద చెప్పదలచిన మాట ఉంటుంది, రెండోదాని మీద పంపినవారి పేరు ఉంటుంది. రెండూ తనే రాస్తుంది.

ఆవిడ పుట్టింది ఎదుటి ద్వీపంలో. తండ్రి పడవతో పాటే పోయాడు, ఏడాది తిరక్కుండా తల్లి పోయింది. పంతొమ్మిదేళ్ల వయసులో ఏడేళ్ల తమ్ముడు గిల్‌సును వెంటబెట్టుకుని రేవు దాటి వచ్చి ఈ పూలకొట్టులో పనికి కుదిరింది. కొన్నేళ్లకు కొట్టు తనదైంది. పెళ్లి మాట ఎత్తితే "తీరికేదీ" అనేది. ఉన్న తీరికంతా గిల్‌సు కాళ్ల చుట్టూ తిరిగితే ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? వాడు బడి జట్టులో ఆడే రోజుల్లో చావింట్లో చక్రం దించేసి, అదే బండిని మైదానం కంచె పక్కన ఆపుకుని చూసేది.

వాడు మా ఊరి జట్టు హేజిన్ సిటిజన్‌కు తొమ్మిదేళ్లు ఆడాడు. ఆ తొమ్మిదేళ్లూ, ఆ తర్వాతా ఉత్తరం స్టాండు మూడో వరుసలో ఆవిడ ఒక్క ఆట తప్పలేదు. మేమంతా అవతలి జట్టును తిడతాం, ఆవిడ తమ్ముణ్ణి తిడుతుంది. "ఒరేయ్ గిల్‌సూ, నీ వెనకాల ఎవడున్నాడో చూసుకోరా" అన్న అరుపు టీవీలో కూడా వినపడేది.

పోయిన అక్టోబరులో జట్టు అట్టడుగున ఉండగా కోచ్ చెప్పాపెట్టకుండా మానేశాడు. సహాయ కోచ్‌గా ఉన్న గిల్‌సు నెత్తిన మిగిలిన ఏడు మ్యాచ్‌లు పెట్టారు. వాడు ఒక్కటి గెలిచాడు. డిసెంబరు మొదటి శనివారం, సొంత మైదానంలో, తాడోపేడో తేలాల్సిన చివరి ఆటలో రెండు గోల్స్ తిని మా జట్టు రెండో డివిజనుకు పడిపోయింది.

ఓడితే జట్టు బస్సుకు అడ్డం నిలబడటం మా దగ్గర ఆనవాయితీ. కోచ్ దిగివచ్చి మైకు పట్టుకుని సంజాయిషీ చెప్పేదాకా బస్సు కదలనివ్వం. ఆ సాయంత్రం గిల్‌సు దిగాడు. మైకు పట్టుకున్నాడు గానీ నోరు పెగల్లేదు. నడుం వంచి అలాగే ఉండిపోయాడు. నాలుగు వందల మంది అరుస్తుంటే నేనూ అరిచాను. అక్క నా పక్కనే నిలబడి ఉంది. అరవలేదు, వెళ్లిపోనూ లేదు.

సోమవారం మా బజారుకు సెలవు. అభిమానుల సంఘం సమావేశాలు ఎప్పుడూ పూలకొట్టులోనే జరుగుతాయి. ఈసారి వేరే చోట పెడితే ఆవిడ మనసు నొచ్చుకుంటుందని అక్కడే పెట్టాం. అదే మేం చేసిన తప్పు. ముప్పై మందిమి బకెట్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. జట్టు నగరపాలికది కాబట్టి కోచ్‌ను పెట్టేది వాళ్లే. గురువారం పది గంటలకు పేరు ప్రకటిస్తామన్నారు. ఆ పేరు గిల్‌సుదేనని, వాడైతే నోరెత్తడని వాళ్ల ధీమా అని ఊరంతా గుప్పుమంది. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. కానీ అక్క స్వయంగా బార్లీ టీ పోసి ఇస్తుంటే ఆ పేరెత్తే మొనగాడెవడు?

ముందు సెలూను సోంగ్ పెద్దాయన అందుకున్నాడు. "ఓక్ తేహున్‌ని తెద్దాం. రెండు జట్లను పైకి తెచ్చాడు."

"తెచ్చాడు సరే, ఆ రెండింటినీ మధ్యలో గాలికొదిలేసి పోయాడు కదా పెద్దాయనా," అన్నాడు నామ్‌గుంగ్ హ్యోక్. స్కూలు బస్సు నడుపుతాడు. స్టాండులో మా చేత నినాదాలు ఇప్పించేది అతనే. "మన కుర్రాళ్ల జట్టు కోచ్ తాక్ మ్యోంగూ ఉన్నాడుగా, వాణ్ణి పెట్టాలి."

"వాడికి మీసాలన్నా మొలిచాయా?"

"మీసాలతో ఆడతారా ఏంటి ఫుట్‌బాల్?"

"మొన్న నీ జుట్టుతో పాటు నాలుక కూడా కాస్త కత్తిరించాల్సింది," అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు, అవసరమైన దానికంటే గట్టిగా.

బ్రెజిల్ నుంచి ఎవణ్ణయినా తెస్తేనో అన్నాను నేను. "వాడితో ఎవరు మాట్లాడతారన్నా, నీ చేపవడలా?" అని హ్యోక్ నా నోరు మూయించాడు. గంటసేపు ఇదే గోల. ఊరూ పేరూ తెలియని వాళ్లందరినీ తిరగేశాం గానీ, అసలు మనిషి దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

చివరికి హ్యోక్ కప్పు కింద పెట్టాడు. "పిన్నీ, తిడితే తిట్టు. దాచి లాభం లేదు. గురువారం మీ తమ్ముడి పేరే చెప్తారు. మేం జరగనివ్వం. ఆ పొద్దున నగరపాలిక గుమ్మం ముందు చావుచక్రాలు పెడదామనుకుంటున్నాం. ముప్పై."

నచ్చని పని చేసేవాళ్ల గుమ్మానికి, మనిషి బతికుండగానే తెల్ల చామంతుల చక్రాలు పంపడం కూడా మాకు అలవాటే. వాటి ఫోటోలు పేపర్లో పడతాయి. ఆ తర్వాత ఆ మనిషి ఊళ్లో తలెత్తుకు తిరగడం కష్టం.

అక్క చేతులు తుడుచుకుంది.

"ఏం రాయించాలని?"

హ్యోక్ జేబులోంచి కాగితం తీశాడు. పైకి చదవలేక ఆవిడ చేతికిచ్చాడు. 'జట్టును ముంచిన పాంగ్ గిల్‌సు మాకొద్దు' అని ఉంది.

"పంపినవాళ్లు?"

"హేజిన్ అభిమానులందరూ, అని."

"అందరూ అంటే ఎవర్రా? అందరూ అనే మనిషి నాకెప్పుడూ కనపళ్లేదు." గొంతు పెంచలేదు. "నేనే రాసిస్తాను. ఒక్కో చక్రానికి ఒక్కో మనిషి పేరు, ఇంటిపేరుతో సహా. పేరు చెప్పుకోలేనివాడు నా తమ్ముడికి చావుపూలు పంపొద్దు. ఇదిగో పుస్తకం, ఇదిగో పెన్ను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇది మమ్మల్ని ఆపడానికి వేసిన ఎత్తనుకున్నాను. ఎత్తయితే బాగానే పారింది. ఒకడికి పిల్లను బడినుంచి తీసుకురావాలని గుర్తొచ్చింది. ఇంకొకడి భార్య నగరపాలికలోనే ఉద్యోగం. శనివారం బస్సు అద్దాలు పగిలేలా అరిచినవాళ్లు చెప్పులు వెతుక్కుని జారుకున్నారు. చివరికి పుస్తకంలో పదకొండు పేర్లు మిగిలాయి. పదకొండోది నాది. గిల్‌సు మా కొట్టు ముందు నిలబడి, పుల్లకు గుచ్చిన చేపవడలు ఊదుకుంటూ తిని పెరిగినవాడు. పేరు రాయబోతూ పెన్ను ఒకసారి కింద పెట్టేశాను. అయినా రాశాను, అరిచినప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకని.

బుధవారం మధ్యాహ్నం అక్క నేల మీద కూర్చుని కుంచెతో రాస్తుంటే నేను రిబ్బను చివర పట్టుకున్నాను. పేర్లు రాసినవి అప్పటికే తాడు మీద ఆరుతున్నాయి. "నిజంగానే పంపుతావా అక్కా?" అని అడిగాను. "ఆర్డరు తీసుకున్నాక పంపకుండా ఎలా ఉంటాను?" అంది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

గిల్‌సు. మాసిన గడ్డం, ఒంటి మీద జట్టు కోటు. ఎవరో ఉప్పందించి ఉంటారు. మమ్మల్ని పలకరించలేదు. తిన్నగా తాడు దగ్గరికి వెళ్లి ఒక్కొక్క పేరూ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"నామ్‌గుంగ్ హ్యోక్. వీడి సంగతి తెలిసిందే. సోంగ్ మాన్‌చోల్... పెద్దాయనా? సైన్యంలోకి పోయేముందు నాకు గుండు చేసింది ఈయనే." ఇంకో నాలుగు చదివి నా వైపు తిరిగాడు. "యోమ్ చాంగ్‌బే. నువ్వు కూడానా అన్నా?"

"నేనూనురా," అన్నాను.

చివరి రిబ్బను దగ్గర ఆగిపోయాడు. నేను తలెత్తి చూశాను. అది పన్నెండోది. పొద్దున నేను రాకముందే రాసి ఆరేసినట్టుంది. దాని మీద 'పాంగ్ గిల్‌రే' అని ఉంది. దాన్ని వాడు పైకి చదవలేదు.

"అక్కా."

"ఊఁ."

"వీళ్లంటే అభిమానులు. నువ్వు నా అక్కవి కదా."

"రెండూ నేనే."

"అంత చేతకానివాణ్ణా నేను?"

నేను లేచి పోదామనుకున్నాను. రిబ్బను వదిలితే సిరా చెదురుతుందని అలాగే కూర్చున్నాను.

"చేతకాదురా," అంది అక్క. "శనివారం ఇంకో అరగంట ఉందనగా, ఓడిపోతూ కూడా, గోల్ కొట్టేవాణ్ణి తీసి ఇంకో డిఫెండర్ని దించావు. ఎవడన్నా చేస్తాడా ఆ పని? నీకు భయమేస్తే వెనక్కి పోతావు, చిన్నప్పట్నుంచీ అంతే. దానివల్లే మంచి డిఫెండరువయ్యావు. దానివల్లే కోచ్‌వి కాలేవు." కుంచె పక్కన పెట్టింది. "అదొకటి. రెండోది, ఈ ఏడు వారాల్లో నువ్వు సగమయ్యావు. ప్రతి ఆటకీ ముందు కక్కుకుంటున్నావని మీ జట్టు డాక్టరే నాతో చెప్పాడు. బస్సు దిగినప్పుడు నీకు మూడడుగుల దూరంలో ఉన్నాను. నా మొహంలోకే చూశావు, నన్ను గుర్తుపట్టలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదురా. నాన్న పోయి, అమ్మ పోయి, నాకున్నది నువ్వొక్కడివి. జట్టుకు కోచ్ ఎవడో ఒకడు వస్తాడు. నాకు తమ్ముడెవడొస్తాడు?"

"ఆ మాట ఇంటికొచ్చి చెప్పొచ్చుగా. చావుపూలు పంపాలా?"

"ఎన్నిసార్లు చెప్పాను? ఒక్క ఏడాది ఇవ్వక్కా, పైకి తెస్తాను అన్నావు. ఫోను పెట్టేశావు."

పొయ్యి మీద కూత పెడుతున్న కెటిల్‌ను గిల్‌సు దించాడు. చాలా మెల్లగా అన్నాడు. "ఆ ఒక్క రిబ్బనూ తీసెయ్. మిగతా పదకొండూ భరిస్తాను."

అక్క వాడినే చూస్తూ ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది ఆ రిబ్బను. తీసేస్తుందనే అనుకున్నాను. తీసెయ్యాలనే నా ప్రాణం కొట్టుకుంది.

"తియ్యను," అంది.

వాడు వెళ్లిపోయాడు. తలుపు కూడా వెయ్యలేదు. చలిగాలికి రిబ్బన్లన్నీ లేచి ఒకదానికొకటి చుట్టుకున్నాయి. అక్క వాటిని విడదీయబోయి, వేళ్లు ఆడక, అక్కడే కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ఏడవగా నేను చూడలేదు.

"తీసేద్దాం అక్కా," అన్నాను. "ఎవరికి తెలుస్తుంది?"

"వాడు చదివేశాడు కదా," అంది. "ఇప్పుడు తీస్తే వాడికి అబద్ధం చెప్పినట్టే."

గురువారం తొమ్మిది గంటలకల్లా నగరపాలిక మెట్ల ముందు పన్నెండు చక్రాలు వరుసగా నిలబెట్టాం. ఉద్యోగులు తలలు దించుకుని లోపలికి పోతున్నారు. పేపరువాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. పేర్లు రాయకుండా జారుకున్నవాళ్లు కూడా వచ్చి ఎదుటి బస్‌స్టాపులో నిలబడి తమాషా చూస్తున్నారు. అక్క తన చక్రం పక్కనే నిలబడింది. ఫోటోలవాళ్లు పక్కకు జరగమన్నా జరగలేదు.

తొమ్మిదిన్నరకు పక్క ఊరి పూలకొట్టు వ్యాను ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు వెనక తలుపు తీసి ఇంకో చక్రం దించాడు. "ఇదెవరిది? మనవి పన్నెండే కదా," అన్నాడు హ్యోక్. డ్రైవరు చీటీ చూసుకుని, దాన్ని వరుస చివర అక్క చక్రం పక్కన నిలబెట్టి, రిబ్బన్లు సరిచేసి వెళ్లిపోయాడు.

మొదటి రిబ్బను మీద 'జట్టును ముంచింది నేనే, తప్పుకుంటున్నాను' అని ఉంది. పంపినవారి పేరు, పాంగ్ గిల్‌సు.

బస్‌స్టాపులో ఎవడో చప్పట్లు మొదలుపెట్టి మళ్లీ ఆపేశాడు. పది గంటలకు నగరపాలికవాళ్లు బయటికొచ్చి ఈరోజు ఏ పేరూ ప్రకటించడం లేదన్నారు. అంతే, సోంగ్ పెద్దాయన ఓక్ తేహున్ అని, హ్యోక్ తాక్ మ్యోంగూ అని ఆ మెట్ల మీదే మళ్లీ మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే నాకూ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ సంతోషంతోనే అక్క వైపు తిరిగాను.

ఆవిడ గిల్‌సు పేరున్న రిబ్బను చివర పట్టుకుని, అక్షరాలను బొటనవేలితో నిమురుతూ ఉంది.

"వదిలించుకున్నాడక్కా," అన్నాను. "నువ్వు కోరుకున్నదే కదా."

"అదే కోరుకున్నాను." రిబ్బను వదల్లేదు. "కానీ వేరే కొట్టుకెళ్లాడు చాంగ్‌బే. నా దగ్గరికొచ్చి అడిగితే రాసివ్వనా?"