మూడు కార్డులూ ఒక నైలాన్ చీరా

మొన్న మంగళవారం పొద్దున ఆత్మకూరు నుంచి మరిది ఫోన్ చేసి, "వదినా, ఆమె వెళ్లిపోయింది" అన్నాడు. ఎక్కడికి అని అడగబోయి ఆగాను. ఆరు నెలలుగా మంచం దిగని మనిషి ఎక్కడికని వెళుతుంది?

పోయింది మా తోడికోడలు. నాకంటే ఏడేళ్లు చిన్నది. వరుసలో నేను ముందు నిలబడి ఉండగా పక్కనుంచి దూరి వెళ్లిపోయింది. ఉదయగిరి బస్సు ఎక్కేటప్పుడు కూడా ఇంతే. నేను గొడుగు మూసేలోగా ఆమె కిటికీ పక్క సీట్లో ఉండేది. కాకపోతే అప్పుడు నాకూ ఒక సీటు పట్టి ఉంచేది.

ఆ రోజు వచ్చినవాళ్లంతా "మంచి ఇల్లాలు, వంట ఎంత బాగా చేసేదో" అని చెప్పుకున్నారు. చనిపోయిన ఆడదాని గురించి ఏం చెప్పాలో తెలియకపోతే వంట గురించి చెబుతారు. ఆమె వంట మామూలు. పులుసులో ఉప్పు ఒక రోజు ఉండేది, ఒక రోజు ఉండేది కాదు. ఆమెకు నిజంగా వచ్చిన పని వేరే. పాత కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించడం.

ఇప్పటి పిల్లలకు ఇది వివరంగా చెప్పాలి. ఒకప్పుడు కంప్యూటరు కొంటే, పక్క కంప్యూటరుతో మాట్లాడే నోరు దానికి ఉండేది కాదు. నెట్‌వర్క్ కార్డు అని, అరచేతిలో పట్టేంత పచ్చటి పలక ఒకటి విడిగా తేవాలి. పెట్టె విప్పి, లోపల దానికి కేటాయించిన సందులో దించి, మర బిగించి, వెనక తీగ తగిలించాలి. అన్నీ కుదిరితే వెనకవైపు గోరంత దీపం పచ్చగా వెలుగుతుంది. వెలగకపోతే ఆత్మకూరు వెళ్లి మా తోడికోడలిని పిలుచుకు రావాలి.

మరిదికి ఆత్మకూరు బస్టాండు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఉండేది. కంప్యూటర్లు వచ్చాక బోర్డు మీద ఆ మాట కూడా రాయించాడు. బోర్డు మారినంత తేలిగ్గా చెయ్యి మారలేదు. టీవీ పలకకపోతే నెత్తిన ఒకటిచ్చి పలికించడం అతని విద్య. కంప్యూటరుకు ఆ భాష రాదు. కార్డుతో పాటు వచ్చే చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని అతను చించి మరమేకులు పొట్లాలు కట్టడానికి వాడుతుంటే, ఇంటర్ చదివిన ఈమె ఆ పొట్లాలు విప్పి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది. నిఘంటువు నాది. తిరిగి రాలేదు. ఏడాది తిరిగేసరికి కొట్టుకు వచ్చినవాళ్లు "అన్న ఉండాడా?" అనడం మాని "అక్క ఉండాదా?" అనడం మొదలుపెట్టారు. మరిది నొచ్చుకోలేదు. "కొట్టు నాది వదినా, చెయ్యి ఆమెది" అని నాతో చాలాసార్లు అన్నాడు. ఆ మాట అనగలిగిన మగవాళ్లను ఈ చుట్టుపక్కల నేను ఎక్కువమందిని చూడలేదు.

పెట్టె విప్పే ముందు ప్లగ్గు పీకేది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి ఇనుప ఊచను అరచేత్తో గట్టిగా పట్టుకుని వదిలేది. మొదట్లో దండం పెట్టుకుంటోందనుకున్నాను.

"దండం గాదక్కా. ఒంట్లో ఉండే కరెంటును ఇనుములోకి వదిలేస్తా ఉండాను. నడిచేటప్పుడు, గుడ్డ రాసుకునేటప్పుడు కాస్త చేరతాది. మనకు తెలీదు. కార్డుకు తెలస్తాది."

కార్డు అంచున బంగారు రంగు పళ్లుంటాయి. వాటికి మసి పడితే పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో మెత్తగా రుద్దేది. బిగుసుకుపోయిన కార్డును పైకి లేపడానికి ఉదయగిరి కొయ్య చెంచా కాడ వాడేది. అది నేను పాయసం తినడానికని ఇచ్చిన చెంచా. కార్డును సందులో దించాక రెండు వైపులా బొటనవేళ్లతో అదిమి, టిక్కుమందా లేదా అని చెవి ఆనించి వినేది. "కూర్చున్నట్టు కనపడితే కూర్చున్నట్టు కాదక్కా. పెండ్లిలో అలిగిన బావ లెక్క, సగం లేచే ఉంటాది" అనేది.

దీపం వెలగనప్పుడు ఆమెకు ఒక క్రమం ఉండేది. ముందు తీగ, తర్వాత సందు, ఆ తర్వాతే కార్డు. "తప్పు యాడుందో వెతికేటప్పుడు తీగ నుంచి మొదలుపెట్టాల. మనిషి నుంచి మొదలుపెట్టినామంటే తీగ ఎప్పటికీ దొరకదు" అనేది. ముప్పై ఏళ్లకు పైగా బళ్లో పనిచేసి, ప్రతి తప్పునూ మనిషి నుంచే వెతికినదాన్ని నేను.

పని అయ్యాక పెట్టె మూత లోపలివైపు పెన్సిలుతో కారణం రాసేది. "కారణం: ఎలుక." "కారణం: చీమలు." "కారణం: ఆయుధపూజ" అంటే పైన చల్లిన కుంకుమ సందుల్లోంచి లోపలికి రాలిందని. ఒక పెద్దమనిషి యంత్రం మూతలో "కారణం: యజమాని" అని ఉండటం నా కళ్లతో చూశాను. బయట అందరితో మెత్తగా మాట్లాడే ఆమె, మూత లోపల మాత్రం నిజం తప్ప రాసేది కాదు. పెన్సిలు ఎందుకంటే, "కారణం తప్పని తేలితే చెరపాల గదక్కా" అంది.

ఆ మూతల్లో ఆమె మూడుసార్లు అబద్ధం రాసింది. మూడూ నా కోసమే. ఇదంతా రాస్తున్నది ఆ సంగతి మీకు చెప్పడానికే.

అప్పుడు నేను ఉదయగిరిలో ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలిని. నెల్లూరులో ఒక ఆఫీసువాళ్లు కొత్త కంప్యూటర్లు తెచ్చుకుని, పాతవి పది మా బడికి ఇచ్చారు. వాటిలో కార్డులు లేవు. కొన్నాళ్లకు పైనుంచి కబురు వచ్చింది. సోమవారం అధికారి వచ్చి చూస్తాడు, పదీ కలిసి పనిచేస్తుంటే అది లాబ్, లేకపోతే అన్నీ ఆత్మకూరుకు తరలిస్తాం అని. పెట్టెలు లారీ ఎక్కి ఆత్మకూరు వెళ్లగలవు. కొండ కింద పల్లెల నుంచి మా బడికి నడిచి వచ్చే ఆడపిల్లలు వెళ్లలేరు. వాళ్లు కంప్యూటరు మీద చెయ్యి పెట్టేది ఆ గదిలోనే. అది పోతే ఇంకెక్కడా లేదు.

శుక్రవారం ఆత్మకూరు వెళ్లాను. ఆమె పది పాత కార్డులు పోగుచేసి, నా ఎదుటే ఒక్కొక్కటీ పెట్టి చూపించింది. పది పచ్చ దీపాలు. ఒక్కోదాన్ని ఒక్కో వెండిరంగు సంచిలో వేసి అట్టపెట్టెలో సర్దింది. శనివారం ఆమెకు అనంతసాగరంలో పని ఉంది. ఆ దుమ్ములో వీటిని తిప్పడం దేనికి, నేనే తీసుకెళ్తానన్నాను.

"సరే అక్కా. ఆదివారం నేనొచ్చి బిగిస్తాను. అందాకా సంచుల్లోంచి మాత్రం తియ్యబాకు."

ఇంటికొచ్చి చూస్తే ఆ సంచులు నలిగి, మాసి, ఎవరో వాడి పారేసిన మసాలా పొట్లాల్లా ఉన్నాయి. తియ్యవద్దన్నది పోతాయనే భయంతో అనుకున్నాను. నా ఇంట్లో వస్తువులు పోవు. పదింటినీ బయటికి తీసి, పొడిగుడ్డతో తుడిచి, నా మంచి నైలాన్ చీర మడతల మధ్య నగల్లా సర్ది, చీరతో సహా అట్టపెట్టెలో పెట్టాను. ఆ సర్దుడు చూసి నాకే ముచ్చటేసింది. నేను చదివింది ఫిజిక్స్. దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలను పైకి లేపే పాఠం ఎన్ని తరగతులకు చెప్పానో నాకే గుర్తులేదు.

ఆదివారం పొద్దున లాబ్‌లో ఆమె అట్టపెట్టె తెరిచి, పైనున్న మడతను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"అక్కా, ఇది చీరేనా?"

"చీరే. మంచిది."

"నైలానా?"

"నైలానే. ఏం, నీక్కావాలా?"

"నాకొద్దులే అక్కా. కార్డులు కట్టుకున్నాయి గదా."

ఊచ పట్టుకుని వదిలి పని మొదలుపెట్టింది. ఏడు దీపాలు వెలిగాయి. మూడు వెలగలేదు. వెలగని మూడింటికీ తీగలు మార్చింది. సందులు మార్చింది. పళ్లు రుద్దింది. ఆ కార్డులను తీసి వెలుగుతున్న యంత్రంలో పెట్టి చూసింది. అక్కడా చీకటే. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. రెండో కార్డు దగ్గరే నాకు దువ్వెన పాఠం కళ్ల ముందు తిరిగింది. నైలాన్ రాపిడికీ అదే కరెంటు పుడుతుంది; ఆ వెండిరంగు సంచులు ఉన్నది దాన్ని ఆపడానికే. మూడోదాన్ని ఆమె బల్లమీద పెట్టాక అడిగాను.

"నా వల్లే గదా?"

"తీగలు బాగుండాయక్కా" అంది. అంతే.

"ఇప్పుడేం దారి? ఆదివారం ఎక్కడ దొరుకుతాయి?"

"మధ్యాహ్నం బస్సు ఉండాది గదా" అని చెంచా సంచిలో వేసుకుని లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "రేపు నువ్వు గూడా ఊచ పట్టుకున్నాకే పెట్టెల దగ్గరికి రా. ఆ చీర మాత్రం కట్టుకోబాకు" అంది.

సోమవారం మొదటి బస్సుకు దిగింది. ఒళ్లో మూడు వెండిరంగు సంచులు. తన కొట్లో గంటల లెక్కన జనానికి నెట్ ఇచ్చే మూడు కంప్యూటర్ల నుంచి పీకి తెచ్చింది. ఆ రోజు ఏదో ఉద్యోగ దరఖాస్తులకు ఆఖరి రోజు. ఆత్మకూరులో జనం ఆమె కొట్టు తాళం చూసి, తిట్టుకుని, పక్క కొట్టుకు వెళ్లారట. వాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. ఈ సంగతి నాకు చెప్పింది మరిది. ఆమె చెప్పలేదు.

అధికారి వచ్చేసరికి పది దీపాలూ వెలుగుతున్నాయి. ఆయన ఒక యంత్రం నుంచి ఇంకోదాన్ని పిలిపించి చూశాడు. పలికింది. నుదుట చెమటతో, చేతిలో కొయ్య చెంచాతో నిలబడ్డ ఆమెను చూసి, "మీరు ఇంజనీరా?" అని అడిగాడు.

"కాద్సార్. తోడికోడల్ని."

లాబ్ ఉండిపోయింది. ఆ తర్వాత ఏ పెట్టె మొరాయించినా ఆమె వచ్చి, పిల్లల ఎదుటే కిటికీ ఊచ పట్టుకుని వదిలి పని మొదలుపెట్టేది.

ఆయన వెళ్లాక మూతలు బిగిస్తుంటే వంగి చూశాను. కార్డులు మార్చిన ఆ మూడింటి మూతల్లోనూ "కారణం: పాత కార్డు" అని రాసింది. నా బల్లమీది రబ్బరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"అబద్ధం రాశావు. దిద్దు."

"అబద్ధం యాడుంది? పాతవే గదా" అని ఆ రబ్బరును తన సంచిలో వేసుకుంది. అదీ తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఒకసారి మా ఇంట్లో అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు మరిది ఎత్తాడు. "ఆ మూడు కార్డులు ఎట్ట పోయినాయి? మన కొట్లో పెట్టి చూసినప్పుడు బాగుండినాయి గదా?" నన్ను చదువుకున్న కోడలని ఊరంతా చెప్పుకుని తిరిగిన అత్తగారు అప్పటికి బతికే ఉంది. ఫిజిక్స్ చదివిన వదిన చీర చుట్టి కార్డులను చంపిన కథ ఆ ఇంట్లో పడితే మూడు తరాల పెళ్లిళ్లలో విందుకు సరిపోతుంది. ఆమె వడ్డిస్తూ ఆగకుండా, "పాతవి గదా, ప్రాణం యాడుంటాది" అని నా విస్తట్లో మజ్జిగ పోసింది. మజ్జిగలో ఉప్పు లేదు. అడగలేదు.

అలా అని దేవతేమీ కాదు. నేను ఎవరి మీదైనా గొంతు పెంచితే, ఎవరి ఉత్తరంలోనైనా తప్పులు దిద్దబోతే, పక్కకు వచ్చి నా పైట అంచు వేళ్ల మధ్య నలిపి, "చీర బాగుందక్కా, యాడ కొన్నావు?" అనేది. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత ప్రేమో అనుకునేవారు. నేను నోరు మూసుకునేదాన్ని. ఆమె కొట్టుకు వెళ్లే రోజున నేను నూలు తప్ప కట్టలేదు.

పోయిన నెల చూడటానికి వెళ్లాను. మాట సన్నబడిపోయింది. మంచం పక్కన కూర్చున్నాను. మెల్లగా చెయ్యి జరిపి నా పైట అంచు పట్టుకుంది.

"నూలేనా?"

"నూలే."

"అయితే ముట్టుకోవచ్చు" అని నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఆమె పోయిన మూడో రోజు ఉదయగిరిలో బడికి వెళ్లాను. ఎందుకని అడిగితే చెప్పలేను. లాబ్ ఆ గదిలోనే ఉంది. యంత్రాలు రెండుసార్లు మారాయి. ఇప్పటివాటికి నోరు పుట్టుకతోనే వస్తోంది, కార్డు పెట్టాల్సిన పని లేదు, మూత విప్పేవాళ్లు లేరు. గంట కొట్టగానే ఆడపిల్లలు వరుసగా లోపలికి వచ్చారు. ప్రతి పిల్లా కుర్చీ దగ్గరికి పోయే ముందు కిటికీ దగ్గరికి వెళ్లి, మూడో ఊచను ఒకసారి పట్టుకుని వదిలి, అప్పుడు కూర్చుంటోంది.

ఒకదాన్ని ఆపి అడిగాను. "ఎందుకే అది పట్టుకుంటారు?"

"పట్టుకోకపోతే నెట్ రాదంట అవ్వా."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అట్నే చేస్తారు."

తప్పు దిద్దడం నాకు పట్టుబడిన పని. నోరు తెరిచాను కూడా. తెరిచి, మూసుకున్నాను.

కిటికీకి నీలం రంగు వేసినట్టున్నారు, వాసన ఇంకా పోలేదు. ఊచలన్నీ నిండుగా నీలంగా ఉన్నాయి. మూడో ఊచకు మాత్రం చెయ్యి అందే ఎత్తులో బెత్తెడు మేర అప్పుడే రంగు లేచిపోయింది. అక్కడ ఇనుము అరిగి, నున్నగా మెరుస్తోంది. చూస్తూ నిలబడ్డాను. నా వెనక ఇంకా వరుస ఉంది.

"బిన్నా పట్టుకో అవ్వా, క్లాసు మొదలైతాది" అంది వెనకున్న పిల్ల.

పట్టుకున్నాను. నా ముందు పట్టుకున్న పిల్లల చేతుల వెచ్చదనం ఇంకా దాని మీద ఉంది.