పడుగు ఏం రంగు?

ఎమ్మిగనూరులో మా మేనత్త ఫోనెత్తితే హలో అనేది కాదు, “ఎవురప్పా నువ్వు?” అనేది. పేరు చెప్పినా నమ్మేది కాదు. ఆమె మగ్గం మీద ఆ రోజు ఏ రంగు పడుగు దారాలు ఉన్నాయో చెప్పాల్సిందే. ఇంటివాళ్లకు ఆమె పెట్టిన పాస్‌వర్డ్ అది.

ఒకసారి ఆదోని నెట్ సెంటర్‌లో ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. అదే ఆఖరి రోజు. ఓటీపీ నా పాత నంబరుకు వెళ్లింది. ఆ సిమ్ అత్త ఫోన్‌లో ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

“పడుగు ఏం రంగు?”

“పచ్చది అత్తా. పొద్దున చూసే వచ్చినా.”

“వీధిలో పోయేటోళ్లంతా చూసినారు. గొంతు గూడా మిషన్లే సేస్తాండాయంట. ఓటీపీ ఎవురికీ సెప్పగూడదు,” అని పెట్టేసింది. ఎన్నిసార్లు చేసినా మళ్లీ ఎత్తలేదు.

గడువు ముగిసింది. సాయంత్రం మండిపడుతూ అత్త వాళ్లింటికి వచ్చాను. అత్త నన్ను ఎగాదిగా చూసి, లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది. నా చెవి దగ్గరికి వంగి, కంఠతా పెట్టుకున్న ఆ అంకెలన్నీ గుసగుసగా ఒప్పజెప్పింది.

“మెసేజీ గూడా అప్పుడే తీసేసినా. ఇంగెవురికీ సెప్పలేదప్పా,” అంది.